నోరు తెరిచిన ముఖం

మా పిన్ని అంతరిక్ష సాహస నవలలకు అట్టబొమ్మలు వేసేది. కథ ఏదైనా సరే, హీరో చేతిలో తుపాకీ ఉండాలి, హీరోయిన్ రాక్షసుడి చేతిలో ఉండాలి, ఆమె నోరు తెరిచి కెవ్వుమనాలి. ఎదురుగా కూర్చునే మనిషి లేక, పిన్ని వంటింటి తలుపు వేసుకుని అద్దం ముందు తనే నోరు తెరిచి ఆ ముఖం గీసుకునేది. గొంతు మాత్రం పెగిలేది కాదు. పక్కగదిలో బాబాయి నిద్రపోతుండేవాడు.

ఒకసారి వ్యోమనౌకను ఆడమనిషే నడుపుతున్నట్టు వేసింది. ప్రచురణకర్త బొమ్మ వెనక్కి ఇచ్చేశాడు.

"నడిపేది ఆడదైతే ఇంక హీరో ఎందుకమ్మా? దానిచేత అరిపించు, అమ్ముడుపోతుంది."

పిన్ని స్టీరింగ్ మీద తెల్లరంగు పూసి, అక్కడ రాక్షసుడి చెయ్యి వేసింది.

మొన్న ఆమె పోయింది. గోడకు తగిలిద్దామని ఇల్లంతా గాలించినా ఒక్క ఫొటో దొరకలేదు. దొరికినవన్నీ ఆ పాత అట్టలే, అన్నింటి మీదా ఆమె ముఖమే.

బాబాయి విసుక్కున్నాడు. "ఇన్నింట్లో నోరు మూసుకున్నది ఒక్కటీ లేదా?"

నాకు ఒళ్లు మండింది.

"బతికినన్నాళ్లూ ఈ ఇంట్లో మూసుకునే ఉంది కదా బాబాయ్. గోడ మీదైనా అరవనీ."