ఏటిసూతకంలో వెలిగొండ ఎక్కాను

నా భార్య లలిత పోయిన రోజు ఉదయం వాన వెలిసింది. నెల్లూరు ఆసుపత్రిలో మూడో అంతస్తు గది. తను సగం ఇడ్లీ తిని, మంచం కిటికీ వైపు తిప్పించమంది. పడమట వెలిగొండలు నీలంగా కనిపించాయి. "ఈరోజు కొండలు బాగా దగ్గరికొచ్చినాయి" అంది. మధ్యాహ్నానికి మాట తగ్గింది. దీపాలు పెట్టే వేళకు అంతా అయిపోయింది.

ఆమె సముద్ర తీరం దగ్గరి మా కోట ఊళ్ళో హైస్కూలు సోషల్ టీచరు. ఆ కొండలు ఒకప్పుడు సముద్రపు అడుగు అనీ, అలల గుర్తులు ఇప్పటికీ రాళ్ళ మీద ఉంటాయనీ ఏటా పాఠం చెప్పేది. తను మాత్రం చూడలేదు. చూడాలని ఉండేది. ఇక నేనే చూడాలి. మా అక్క అడ్డుపడింది. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా దేవుడి కొండ ఎక్కకూడదని మా వైపు పట్టింపు, ఏటిసూతకం అంటారు. "ఒక్క ఏడాది ఆగలేవా?" అంది. లలితకు ఎవరూ ఏడాది ఇవ్వలేదు. మూడో నెలలో బయల్దేరాను.

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా, కొండ కింద స్వామి గుడి ఉన్న పెంచలకోన వైపు బస్సులుంటాయి. ఉదయం ఎక్కితే రెండు గంటల పైన పడుతుంది. పొదలకూరు దాటాక రోడ్డు పక్క మట్టిలో అభ్రకం మెరుస్తుంది. అది మైదానం అడుగున ఉన్న పాత రాయి. రాపూరు దాటాక కొండలు గోడలా ఎదురవుతాయి. అక్కడి రాయి వేరు. సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, బురద గట్టిపడి, ముడతలు పడి పైకి లేచాయి. ఇసుక క్వార్ట్‌జైట్ అయింది, బురద పలకరాయి అయింది. వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే.

గోనుపల్లిలో దిగి వంద రూపాయలకు ఆటో మాట్లాడాను. డ్రైవరు మాటకారి.

"ఒక్కరే వచ్చినారే, అమ్మగారు రాలేదా సార్?"

"పోయింది. మూడు నెలలైంది."

ఆటో ఆగింది. "ఏటిసూతకం పెట్టుకోని దేవుడి కొండకా?"

"గుడిలోకి పోను. వాగు దాకానే."

"వాగు మాత్రం ఎవురిది సార్? స్వామిదే గదా."

"అయితే కింద చెరువుల నీళ్ళూ ఆయనవే. స్నానాలు మానేస్తారా?"

నవ్వాడు గానీ కదల్లేదు. "నాకిద్దరు బిడ్డలుండారు సార్. ఈడే దిగండి." డబ్బు సగమే తీసుకున్నాడు. మిగతా దూరం నడిచాను.

గుడి బయటినుంచే పక్కకు తిరిగి, అడవిలో వాగు వెంట పైకి పోయాను. దారంతా రాళ్ళు. చెట్ల నీడ ఉన్నా ఉక్క. ఒక మలుపులో వాగు పక్కన పెద్ద బండ ఏటవాలుగా ఉంది. దాని మీద వరసగా గీతలు, వేలెడు దూరంలో ఒకటి. పోటు దిగాక మా తీరంలో తడి ఇసుక ఎలా ఉంటుందో అచ్చం అలాగే. అరచెయ్యి పెట్టాను. ఇసుకైతే చెదిరేది. ఇది చెదరలేదు. పాఠం నిజమే. ఎంతసేపు కూర్చున్నానో చూసుకోలేదు.

దిగి వచ్చాక టిఫిను కొట్టులో దోసె అడిగాను. పెనం దగ్గరున్న ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆటో దించేసిన సారు మీరేనా?" అవునన్నాను. "వాడికి పెట్రోలు మిగిలింది, మీకు ఆకలి పెరిగింది. కూర్చోన్నా, కారం దోసె పోస్తా."

రాపూరు లాడ్జికి చేరాక అక్కకు ఫోన్ చేశాను.

"ఎక్కినావా?"

"ఎక్కినా."

 "కాళ్ళకు చెప్పులుండాయా?" అంది.

"దేవుడి కొండ గదక్కా, చెప్పులతో ఎక్కొచ్చా?"

"నోర్ముయ్. రాళ్ళు గుచ్చుకుంటాయి."

మైల పేరుతో నన్ను ఆపాలనుకున్న వాళ్ళ మీద కోపం లేదు. వాళ్ళ భయం వాళ్ళది. కానీ వంద కోట్ల ఏళ్ళ రాయికి నా వల్ల మైల అంటుతుందంటే నేను ఒప్పుకోను. లలిత కూడా ఒప్పుకునేది కాదు. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: తడిసిన క్వార్ట్‌జైట్ నాచుతో జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. వాగు పై మలుపులో పలకలు నిలువుగా లేచి ఉంటాయట. రేపు పొద్దున మొదటి బస్సుకు గోనుపల్లిలో దిగి, ఆటో ఎక్కకుండా, అక్కడిదాకా నడిచిపోతాను.