డ్రైవర్ కుమారస్వామి పుట్టగొడుగుల సంచి

కాజీపేట రైల్వే కాలనీలో కుమారస్వామిని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆయన డ్రైవర్ సాబే. తండ్రి గ్యాంగ్‌మన్‌గా పట్టాల మీద ఎండకు ఎండి రిటైరయ్యాడు, కొడుకు ఇంజనెక్కాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. మొదట అసిస్టెంటు, తర్వాత గూడ్సు బండ్లు, చివరి తొమ్మిదేళ్లూ ప్యాసింజర్ బండ్లు. బల్లార్షా దారిలో ఏ మలుపు తిరిగాక ఏ సిగ్నల్ కనిపిస్తుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు.

యాభై మూడో ఏట, జూలై నెలలో డ్యూటీ లేని ఒక పొద్దున, పళ్లు తోముకుంటుంటే చేతిలోని బ్రష్ జారి పడింది. తీసుకుందామని వంగితే వేళ్లు కదల్లేదు. భార్య యమునను పిలుద్దామంటే మాట ముద్దగా వచ్చింది. ఆమె కంగారు పడుతూ కూర్చోలేదు. పక్కింటాయన ఆటోలో ఎక్కించుకుని అప్పటికప్పుడే దవాఖానకు తీసుకుపోయింది. పక్షవాతమన్నారు. తొందరగా తెచ్చారు కాబట్టి ప్రాణానికి భయం లేదన్నారు. నెల తిరిగేసరికి మాట చక్కబడింది. రెండు నెలలకు కాలు నిలబడింది. కుడి చెయ్యి మాత్రం భుజం దగ్గర లేచేది గాని, వేళ్లు మూసుకునేవి కావు.

ఆయనను అన్నిటికన్నా కుంగదీసింది తిండి. ఎడమ చేత్తో అన్నం తినాల్సి వచ్చింది. ఎవరైనా ఇంటికొస్తే కంచం ముట్టేవాడు కాదు. చివరికి భార్యా కూతుళ్ల ముందు కూడా తినడం మానేశాడు. కంచం గదిలోకి తెప్పించుకుని, తలుపు దగ్గరికి వేసుకుని తినేవాడు. పాత దోస్తులు పలకరించడానికొస్తే పడుకున్నాడని చెప్పమనేవాడు. కొన్నాళ్లకు వాళ్లూ రావడం తగ్గించారు.

వారానికి మూడు రోజులు వినయ్ అనే కుర్ర ఫిజియోథెరపిస్టు వచ్చి చేతికి వ్యాయామం చేయించేవాడు. పిసకమని ఒక స్పాంజి బంతి ఇచ్చాడు.

"దినాం వందసార్లు పిసకాలె అంకుల్. ఎంత పిసికితే అంత బలం," అన్నాడు.

కుమారస్వామి సరేనన్నాడు. అతను గేటు దాటగానే బంతిని మంచం కిందికి తోసేశాడు. చిన్నపిల్లలు ఆడుకునే బంతి చేతిలో పెట్టుకుని కూర్చోవడం ఆయనకు నామోషీగా ఉండేది.

యమున అంగన్‌వాడీ టీచరు. తొమ్మిదింటికి పోతే నాలుగింటికి వచ్చేది. కూతురు అక్షర వ్యవసాయ డిగ్రీ రెండో సంవత్సరం. పొద్దున కాలేజీ బస్సెక్కితే చీకటి పడేవేళకు దిగేది. పగలంతా ఆయన ఒక్కడే. స్టేషన్ నుంచి వచ్చే కూతలు వింటూ, ఏ బండి ఎంత లేటో మనసులో లెక్క వేసుకుంటూ పడుకునేవాడు.

నవంబరులో ఒక సాయంత్రం అక్షర చంకలో అట్టపెట్టె పెట్టుకుని వచ్చింది.

"ఏందే అది?" అని అడిగాడు.

"పుట్టగొడుగుల కిట్ డాడీ. మా కాలేజీల స్టాల్ పెట్టిన్రు. అన్నీ దాంట్లనే ఉంటయి. రోజుకు మూడు నాలుగుసార్లు నీళ్లు కొడితే చాలు, అవే వస్తయి."

"నాకు పనిలేదని తెచ్చినవా?"

"నాకు టైం లేదని తెచ్చిన," అంది అక్షర.

పెట్టె విప్పితే లోపల దిండంత ప్లాస్టిక్ సంచి, దాన్నిండా కుక్కిన వరిగడ్డి, గడ్డి మీద తెల్లగా దట్టంగా అల్లుకున్న పొర. కుమారస్వామి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"బూజు పట్టింది. వాపసియ్యి."

"బూజు కాదు డాడీ. విత్తనం అట్లనే అల్లుకుంటది. ఎంత తెల్లగుంటే అంత మంచిది."

బాత్రూం పక్క సందులో ఎండ పడదు, గాలి ఆడుతుంది. అక్షర అక్కడి కొక్కేనికి తాడుతో సంచిని వేలాడదీసి, రెండు వైపులా బ్లేడుతో గీట్లు పెట్టింది. పెట్టెలో వచ్చిన స్ప్రే సీసాను కిటికీలో పెట్టి వెళ్లిపోయింది.

ఆయన మొదట దాన్ని పట్టించుకోలేదు. పొద్దున, సాయంత్రం కూతురే నీళ్లు కొట్టింది. ఆరో రోజు స్నానానికి పోతూ చూస్తే, గీటు పెట్టినచోట గుండుసూది తలకాయలంత బొడిపెలు గుంపుగా లేచి ఉన్నాయి. దగ్గరికి పోయి వంగి చూశాడు. మధ్యాహ్నం మళ్లీ పోయి చూశాడు. పొద్దుటికన్నా పెరిగాయనిపించింది. సంతోషంతో ఎడమ చేత్తో మగ్గు నింపి సంచి మీద పోశాడు. సాయంత్రం లోపల ఇంకో రెండు మగ్గులు పోశాడు. మర్నాడూ అంతే.

మూడో రోజుకు బొడిపెలన్నీ పసుపు పచ్చగా వాలిపోయి, జిగురుపట్టి, కంపు కొట్టాయి.

అక్షర వచ్చేదాకా ఆయన ఆ సందులోనే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు.

"నేనే ఖరాబు చేసిన. మగ్గుతోని పోసిన," అన్నాడు.

కూతురు చెంచాతో కుళ్లిందంతా గీకి పారేసింది. సంచి అటూ ఇటూ తిప్పి చూసింది.

"సంచి మంచిగనే ఉంది. ఇంకో కాపు వస్తది. కని నీళ్లు పొయ్యద్దు డాడీ, మంచు లెక్క పడాలె. రెండు దిక్కులా పడాలె. మధ్యాహ్నం కూడ కొట్టాలె, అప్పుడు మేముండం."

మర్నాడు పదకొండింటికి కుమారస్వామి స్ప్రే సీసా తీసుకుని సంచి ముందు నిలబడ్డాడు. ఎడమ చేత్తో కొట్టబోతే, వేలాడుతున్న సంచి గిర్రున తిరిగిపోయింది. ముందువైపు తడిసింది, వెనకవైపు పొడిగానే ఉంది. సంచిని ఒక చేత్తో పట్టుకుని తిప్పాలి, ఇంకో చేత్తో కొట్టాలి. ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఎడమ చేత్తో సంచి పట్టుకుని, సీసాను కుడి అరచేతిలో ఇరికించుకున్నాడు. వేళ్లు మీటకు తగిలాయి గాని నొక్కలేదు. సీసాను ఛాతీకి అదిమిపెట్టి మళ్లీ ప్రయత్నించాడు. ఒక్క చుక్క కారి చొక్కా మీద పడింది. చెమటలు పట్టాయి. సీసా జారి రెండుసార్లు కింద పడింది. గంటసేపు పెనుగులాడి, ఆఖరికి ఎడమ చేత్తో నాలుగుసార్లు కొట్టి, సంచి తిరిగి ఆగినప్పుడు మళ్లీ కొట్టి పని కానిచ్చాడు.

కాని మూడింటికి మళ్లీ సీసాను కుడి చేతిలోకే తీసుకున్నాడు.

ఎనిమిదో రోజు మీట సగం లోపలికి పోయి నీళ్లు చారలా వచ్చాయి. పదకొండో రోజు మంచులా పడింది. ఒకసారి, వెంటనే ఇంకోసారి. మూడోసారికి వేళ్లు వణికి వదిలేశాయి. ఎవరితోనూ చెప్పలేదు. వినయ్ వచ్చి ఎప్పటిలాగే తన రెండు వేళ్లు ఆయన అరచేతిలో పెట్టి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాడు. వినయ్ తలెత్తి ఆయన ముఖంలోకి చూశాడు.

"బంతి పిసుకుతాన్రా అంకుల్?"

"బంతి లేదు ఏం లేదు. గడ్డికి నీళ్లు కొడ్తాన్న," అన్నాడు కుమారస్వామి. అతన్ని సందులోకి తీసుకుపోయి చూపించాడు. అప్పటికి బొడిపెలు మళ్లీ లేచాయి.

నాలుగు రోజుల్లో అవి అరచేయంత విప్పారాయి. బూడిద రంగు మీద తెలుపు, ఒకదాని మీద ఒకటి విసనకర్రల్లా. అంచులు పైకి లేవకముందే కొయ్యాలని, గుత్తి మొత్తం మెలితిప్పి తియ్యాలని అక్షర చెప్పింది. ఆ మెలి తిప్పడం కుడి చేత్తోనే చేస్తానని పట్టుబట్టాడు. సగం గుత్తి ఊడి వచ్చింది, సగం విరిగి నేల మీద పడింది. యమున ఏరి కడిగింది.

"తింటే ఏం కాదు గదా?" అని కూతుర్ని రెండుసార్లు అడిగింది. ఆమె ఎప్పుడూ ఇంట్లో పుట్టగొడుగులు వండింది కాదు. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, మిరియాల పొడి వేసి పొడిపొడిగా వేయించింది.

ఆ రోజు కుమారస్వామి కంచం గదిలోకి తెప్పించుకోలేదు. వాళ్లిద్దరితో పాటు చాప మీద కూర్చుని, కుడి చేతిలో చెంచా పట్టుకున్నాడు. నోటికి చేరేలోపల సగం మెతుకులు ఒళ్లో పడ్డాయి. అక్షర తన కంచంలోకి చూస్తూ తింది. యమున లేచిపోయి మజ్జిగ తెచ్చి, ఒళ్లో పడ్డవాటిని చూడనట్టే కూర్చుంది. కూర ఆయనే రెండుసార్లు వడ్డించుకున్నాడు.

జనవరికి సంచులు నాలుగయ్యాయి. పక్కింటికి, వినయ్‌కి, అంగన్‌వాడీ ఆయమ్మకు తలా కాసిని పోయేవి. చెయ్యి ఇట్లాగే బాగుపడితే మళ్లీ ఇంజనెక్కొచ్చని ఆయన లోలోపల ఆశ పెట్టుకున్నాడు. ఇంట్లో ఆ మాట అనలేదు గాని, డ్యూటీ సంచి దులిపి ఎండలో పెట్టాడు.

ఫిబ్రవరిలో మెడికల్ బోర్డు ముందుకు పిలిచారు. డాక్టర్లు పట్టుకోమన్నది పట్టుకున్నాడు, వదలమన్నప్పుడు వదిలాడు. కాసేపు అట్లాగే పట్టి ఉంచమన్నారు. అర నిమిషానికి వేళ్లు సడలిపోయాయి. ఇంజన్ నడపడానికి పనికిరాడని, డ్రైవర్ల బుకింగ్ ఆఫీసులో కూర్చునే పని ఇవ్వవచ్చని కాగితం రాసిచ్చారు.

ఇంటికొచ్చి కాగితం అల్మారాలో పెట్టి పడుకున్నాడు. రెండు రోజులు సందువైపు పోలేదు. మూడో రోజు పొద్దున యమున సీసా పట్టుకుని గది గుమ్మంలో నిలబడింది.

"నేను కొడితే సగం నేల మీదనే పడ్తానయి. నువ్వే లే," అంది.

"నేను ఆఫీసుకు పోను యమునా."

"పొమ్మని నేనన్ననా?"

"బండ్లెక్కేటోళ్లంత నా ముంగట సంతకం పెట్టి పోతరు. నేను కూసోని చూడాల్నా?"

యమున వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఇంట్ల ఉంటే బండ్ల కూతలు ఇనబడ్తలేవా? పండుకున్నా ప్రతి బండికి టైం చూస్తవు. అక్కడైతే మనుషులన్న ఉంటరు."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె సీసా మంచం పక్కన పెట్టి డ్యూటీకి పోయింది. పదకొండింటికి లేచి సంచులకు నీళ్లు కొట్టాడు. రెండు సంచుల్లోని పుట్టగొడుగులు అంచులు ఎండి పగిలాయి. మిగతా రెండు తేరుకున్నాయి.

మార్చి మొదటి వారంలో ఆఫీసులో చేరాడు. మొదటి రోజే సదానందం ఎదురయ్యాడు. ఒకప్పుడు ఈయన పక్కన అసిస్టెంటుగా కూర్చున్నవాడు. ఇప్పుడు తనే బండి నడుపుతున్నాడు. కుమారస్వామి రిజిస్టరు అతని ముందుకు తోసి, తల వంచుకున్నాడు.

"అన్నా, బల్లార్షా దారిల కొత్త కాషన్ ఆర్డర్ ఉందట. ఎక్కడ స్లో చెయ్యాలె, జర చెప్పు," అన్నాడు సదానందం.

కుమారస్వామి తలెత్తాడు. కిలోమీటరు రాయి మొదలు, దాని ముందున్న దిగుడు దాకా వివరంగా చెప్పాడు. వెనక నిలబడ్డ ఇద్దరు కుర్ర అసిస్టెంట్లు కూడా దగ్గరికొచ్చి విన్నారు. అప్పటి నుంచి ఆయన దగ్గర సంతకం పెట్టేవాళ్లు ఒక్క మాటన్నా అడగకుండా పోవడం లేదు. అడగనివాళ్లకు ఆయనే చెబుతున్నాడు.

ఏప్రిల్ ఎండలకు సంచులు పనికిరాకుండా పోయాయి. మళ్లీ చల్లబడేదాకా ఆగాల్సిందేనని అక్షర చెప్పింది. ఈసారి కిట్ల కోసం చూడలేదు. జూలై ఆఖర్లో, ధర్మసాగర్‌లో ఉన్న బావమరిది పొలం నుంచి రెండు మోపుల వరిగడ్డి తెప్పించాడు. విత్తనం అక్షర తెచ్చింది. గడ్డి నరికి, నానబెట్టి, డ్రమ్ములో ఉడికించి, ఆరబెట్టి, సంచుల్లో పొరలు పొరలుగా విత్తనం చల్లి కుక్కారు. మూతి ముడులన్నీ తనే వేస్తానన్నాడు. ఒక్కో ముడికి పావుగంట పట్టింది.

"సందంత సంచులే పెడితే బట్టలేడ ఆరేసుకోవాలె?" అంది యమున.

"డాబా మీద."

"వాన పడితే?"

"తీసుకొత్త. ఇంట్లనే ఉంట గదా ఇయ్యాల."

ఆయన ఇంకో సంచి ముందుకు లాక్కుని, సుతిలి కొసను పళ్లతో పట్టుకున్నాడు. యమున తడి బట్టల బకెట్టు తీసుకుని మెట్లెక్కింది.