రెండు పొరల అద్దం

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త కారు వచ్చాక మా తమ్ముడి సంగతి అంతే అయింది. బేతంచెర్లలో వాడికి నాపరాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. ముందైతే ఫోన్ చేసినప్పుడు రాళ్ళ గురించో లారీల గురించో చెప్పేవాడు. కారొచ్చాక ఇక ఒకటే పాట. మూడు లీటర్ల పెట్రోలు ఇంజను, ఆరు సిలిండర్లు, ఇనప స్ప్రింగులకు బదులు గాలి స్ప్రింగులు, మూడు వరసల్లో ఏడు సీట్లు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, అంకెలంటే నాకేం భయం లేదు. కానీ వాడి అంకెలు వింటుంటే ఒళ్ళు మండేది.

వాడికి అన్నిటికంటే ముద్దు ఆ అద్దాలు. "రెండు పొరలక్కా. బయట లారీ హారన్ కొట్టినా లోపలికి రాదు," అని గోటితో టకటక కొట్టి మరీ చూపించేవాడు. "బయటి మాట వినపడకపోతే ఏం గొప్పరా, చెవిటోడికి కూడా వినపడదు," అన్నాను ఒకసారి. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ రోజు పత్తికొండ అవతల మా ఊళ్ళో కొత్తగా కట్టిన చర్చి తెరుస్తున్నారు. పొద్దున్నే కర్నూలు నుంచి బయలుదేరాం. ముందు సీటు పాస్టరయ్యగారిది, ప్రార్థన చేసి తలుపు తెరవాల్సింది ఆయనే. మధ్య వరసలో మనుషులు కాదు, రాయి ఉంది. చర్చి గోడకు పెట్టే శిలాఫలకం, నాలుగడుగుల పొడవు, తమ్ముడే దగ్గరుండి చెక్కించాడు. పైన మా నాయన జ్ఞాపకార్థం అని, కింద కట్టించినవాడిగా వీడి పేరు. వీడి పేరులో అక్షరాలు నాయనవాటి కంటే కాస్త పెద్దవే. డిక్కీలో అరటిగెలలు, స్వీటు డబ్బాలు నిండిపోయాయి కాబట్టి రాయిని మధ్య సీట్ల మీద బొంతలు పరిచి పడుకోబెడతానన్నాడు. ఇక మూడో వరస నాకూ మేనత్తకూ మిగిలింది.

మేనత్త అంటే నాయన చెల్లెలు. మా అమ్మ పోయాక నన్నూ తమ్ముణ్ణీ పెంచింది ఆమే. డెబ్బై దాటింది, రెండు మోకాళ్ళూ పనికిరాకుండా పోయాయి.

"అత్తను అంత వెనక్కి ఎక్కిస్తే మళ్ళీ దిగేదెట్లరా?" అన్నాను.

"బటన్ నొక్కితే మధ్య సీటు దానంతటదే ముందుకు వంగుతాదక్కా. నువ్వు ఊరికే గాబరా పడతాండావు."

నొక్కాడు. సీటు వంగింది. అత్త ఎక్కడానికి వీలుగా కారు కూడా కొంచెం కిందికి దిగింది. ఆమెను దాదాపు మోసుకుని లోపలికి చేర్చాం, వెనకాలే నేనూ దూరాను. ఆ తర్వాత సీటు లేపి రాయి పెట్టించి, బెల్టులు బిగించాడు. అప్పుడు తట్టింది నాకు. సీటు మీద బరువుంటే అది వంగదు. రాయి దిగితే తప్ప మేం దిగలేం.

"ఇదేందిరా, మమ్మల్ని లోపలేసి రాయి అడ్డం పెట్టినావు," అన్నాను. అయ్యగారు నవ్వి, యేసు ప్రభువు సమాధి రాయిలా మూడో రోజు తీస్తాంలేమ్మా అన్నారు. నాకు నవ్వు రాలేదు.

కారు మంచిదే, అబద్ధం ఎందుకు చెప్పాలి. గుంతలు వస్తున్నట్టు కంటికి కనబడేది కానీ ఒంటికి తెలిసేది కాదు. కాలు కొంచెం ఆనిస్తే చాలు, చప్పుడు లేకుండా ముందుకు దూకేది. కానీ ఆ సుఖమంతా ముందు సీటుకే. మూడో వరసలో నేల ఎత్తు, సీటు పల్లం, మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు కూర్చున్నాం. మలుపు తిరిగినప్పుడల్లా ఒళ్ళు ఊగి అత్త మీద పడ్డాను. మా పక్కనున్న చిన్న కిటికీ తెరుచుకోదు. ఊపిరాడటం లేదురా అంటే, ఆడ మీకు వేరే ఏసీ ఉండాది చూడక్కా, అన్నాడు. అత్త మాత్రం చీర కొంగు సర్దుకుని, కిటికీలోంచి చేలు చూసుకుంటూ హాయిగా కూర్చుంది.

దారిలో ఒకచోట రోడ్డు మీద ఉలవలు పరిచి ఉన్నాయి. మా వైపు కోతల కాలంలో ఇది మామూలే. పీకిన ఉలవ తీగలు తారు మీద పరుస్తారు, వచ్చే పోయే బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజ రాలుతుంది. పట్నం వాళ్ళు తిట్టుకుంటూ పక్కనుంచి పోతారు. సేద్యం చేసిన ఇంట్లో పుట్టినవాళ్ళు అట్లా పోరు. తమ్ముడు పక్కకు తిప్పబోయేసరికి అత్త ఊరుకోలేదు.

"ఏమిరా, పక్కకు పోతాండావు? తొక్కించు. ఆడోళ్ళు పొద్దున్నించి ఎండలో కూర్చోనుండారు."

"కారు అడుగు శానా కిందికుంటాదత్తా. తగులుకుంటాది."

"మీ నాయన బస్సోళ్ళను బతిమాలేవాడు రా, మా ఉలవలు తొక్కించి పొండప్పా అని. అప్పుడే మరిస్తివా?"

నాయన పేరు ఎత్తితే వాడు ఏ పనైనా చేస్తాడు. తొక్కించాడు. "ఇంకోసారి," అంది అత్త. తెర మీద చూసుకుంటూ వెనక్కి తీశాడు, మళ్ళీ ముందుకు పోనిచ్చాడు. నా పాదాల కింద ఏదో గీరుకుంటున్నట్టు తెలిసింది. అదే చెప్పాను. "గాలి స్ప్రింగులక్కా. పైకి లేపినాలే," అన్నాడు.

అక్కణ్ణుంచి కదిలాం. వెనకద్దంలోంచి చూస్తే ఆడవాళ్ళు లేచి మా వెంట పరుగెత్తుతున్నారు. చేతులు ఊపుతున్నారు, నోళ్ళు కదులుతున్నాయి. ఒక్క మాట వినపడలేదు. "సంతోషమైనట్టుండాది పాపం," అని అత్త వాళ్ళకు చెయ్యి ఊపింది. బుద్ధి లేనిదాన్ని, నేనూ ఊపాను.

ఒక ఫర్లాంగు పోయామో లేదో కాలిన వాసన వచ్చింది. "రేయ్, ఏదో మాడతాంది," అన్నాను. కొత్త బండికి అట్లే ఉంటాదిలే అన్నాడు. ముందు మళ్ళీ ఉలవలు పరిచి ఉన్నాయి, అవి కూడా ఆ ఆడవాళ్ళ ఊరివే. వాటి నడుమ ఒక మనిషి చేతులు చాపి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. తమ్ముడి కాలు పడేలోపే కారు తనంతట తాను బ్రేకు వేసుకుని ఆగింది. "చూసినారా అయ్యగారూ, దానంతటదే!" అన్నాడు వీడు. ఆ మనిషి వచ్చి ముందు రేకు మీద అరచేత్తో దబదబ బాదాడు. అద్దం దించేసరికి కేకలన్నీ ఒక్కసారిగా లోపలికొచ్చి పడ్డాయి.

"దిగండప్పా! బండి కింద మంట ఉండాది! దిగండి!"

ఉలవ తీగలు అడుగున చుట్టుకుని, కాలే పొగగొట్టానికి అంటుకున్నాయి. తమ్ముడు, అయ్యగారు గబుక్కున దిగారు. మా వెనక నల్లటి పొగ లేచింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. తమ్ముడు పక్క తలుపు తెరిచి సీటు బటన్ నొక్కాడు. అది కీచుమంది కానీ కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. "వంగు, వంగు," అని దాన్నే బతిమాలుతున్నాడు. కింద పరిచిన ఉలవలకు కూడా మంట తగిలి చిటపటలాడుతోంది. నా చెప్పుల కింద నేల వేడెక్కింది.

"నువ్వు సీటు మింద నుంచి దూకి పోమ్మే," అంది అత్త. "నీకు పిల్లలుండారు. పో."

"నోరు మూసుకో అత్తా!" అని అరిచాను. పుట్టి బుద్ధెరిగాక ఆమెను అంత మాట అనలేదు.

అప్పటికి వెనకనుంచి పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్ళు చేరుకున్నారు. వాళ్ళలో ఒక ముసలామె లోపలికి తొంగి చూసి, ఆ రాయిని పెరికి పారేయండ్రా అని కేకేసింది. రోడ్డు మీద నిలబడ్డ మనిషి బెల్టులు విప్పి, బొంతతో సహా రాయిని తన వైపు లాగాడు. సగం బయటికి వచ్చింది. అప్పుడు మా తమ్ముడు రెండు చేతులతో దాని అంచు పట్టుకున్నాడు.

"రాయి! రాయి జాగర్త! పగులుతాదప్పా, మెల్లగా!"

చెయ్యి చాపితే అందేంత దూరంలో అత్త ఉంది. వాడు ఆమె వైపు చూడలేదు. రాయినే చూస్తున్నాడు. ఆమె వాణ్ణే చూస్తోంది.

"నీ రాయి మన్నుగాను! లోపల మనుషులుండారు గదరా!" అని ముసలామె వాణ్ణి రెక్క పట్టుకుని ఒక్క తోపు తోసింది. రాయి తారు మీద పడి రెండు ముక్కలైంది. వాడు ఉలిక్కిపడ్డట్టు లేచి బటన్ నొక్కాడు. సీటు కదిలింది. ఎంత నిదానంగా కదిలిందో! పీటల మీదికి నడిచే పెళ్ళికూతురిలా ఆగి ఆగి వంగింది. నేను దాన్నీ, దాన్ని తయారుచేసినవాణ్ణీ నోటికొచ్చినట్టు తిట్టాను. నేను వెనకనుంచి తోశాను, వాళ్ళు చంకల కింద పట్టి అత్తను లాగేశారు. ఆమె వెనకాల నేను చేతుల మీద పాక్కుంటూ రోడ్డు మీద పడ్డాను.

తర్వాత మన్ను పోశారు, బిందెలతో నీళ్ళు తెచ్చారు. మంట ఆరేసరికి కారు వెనక భాగం నల్లగా మాడి ఉంది. పరిచిన ఉలవల్లో సగం బూడిదైంది. ఆ ఉలవలు ఆ ముసలామెవే. రోడ్డు పక్క మోరీ గోడ మీద మా అత్తను కూర్చోబెడితే, ఆమె వచ్చి అత్త ఎదురుగా నిలబడి కడిగేసింది.

"అంత కిందికుండే బండితో ఎవురైనా తొక్కుతారా? మంటైతాదని వెనకాల అరుస్తా పరిగెత్తితే, చేతులూపి పోతిరే!"

"తప్పు నాదే తల్లీ. తొక్కించమనింది నేనే," అంది అత్త. ముసలామె ఇంకా ఏదో అనబోయి, అత్త మోకాళ్ళ వైపు చూసి, తాగడానికి నీళ్ళు తెస్తానని పోయింది.

అయ్యగారు ఫోన్‌లో ఊరివాళ్ళకు సంగతి చెబుతున్నారు. తమ్ముడు కారు దగ్గరికి పోలేదు. పగిలిన రాయి దగ్గరికీ పోలేదు. మా దగ్గరికొచ్చి నేల మీద గొంతుకూర్చున్నాడు. మొహమంతా మసి. అత్త వైపు కన్నెత్తకుండా నన్నడిగాడు.

"అక్కా... లోపలికి బయటి మాటలు ఏమీ వినపడలేదు గదా? ఆ అద్దాలు..."

నాకు కోపం నషాళానికి అంటింది. తలుపు బార్లా తెరిచి ఉండింది కదరా వెధవా, రాయి రాయి అని నువ్వరిచింది వినపడకేం, నీ చెంప పగలగొడతా అనబోయాను. నోరు తెరిచాను కూడా. అత్త చెయ్యి వచ్చి నా మోకాలి మీద పడింది. వేళ్ళు నొప్పి పుట్టేలా నొక్కింది.

"యాడ వినపడతాదిరా," అంది. "రెండు పొరలంటివి గదా. ఒక్క మాట రాలే లోపలికి."

వాడు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఒక చేత్తో వాడి తల మీది మసి తుడుస్తూనే ఉంది. రెండో చెయ్యి నా మోకాలి మీద నుంచి తీయలేదు.