ఇద్దరికీ ఒకే జ్వరం

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నాయన జమ్మలమడుగులో బడిపంతులు. ఆ ఏడు వానలు తగ్గాక అమ్మ నన్నూ, తమ్ముడినీ పెద్దముడియం దగ్గర తన పుట్టింటికి తీసుకుపోయింది. ఇద్దరం ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కింద పడుకునేవాళ్లం. తిరిగొచ్చిన కొద్దిరోజులకే ఇద్దరికీ చలిజ్వరం పట్టుకుంది.

నాకు పళ్లు టకటక కొట్టుకునేవి, చెమటలు పోసేవి, మళ్లీ లేచి కూర్చునేదాన్ని. తమ్ముడు మాత్రం మర్నాటికే కళ్లు తేలేశాడు. నాయన మమ్మల్ని బస్సులో ప్రొద్దుటూరు ఆస్పత్రికి చేర్చాడు. ఇద్దరికీ ఒకే మందు. నా నోట్లో చేదు ఇంకా పోకముందే పక్కమంచం మీద వాడికి ఫిట్సు వచ్చాయి. జ్వరం మెదడుకెక్కిందన్నాడు డాక్టరు. మధ్యాహ్నానికి వాడు లేడు.

అమ్మ ఏడవలేదు. డాక్టరు చెయ్యి పట్టుకుంది.

"ఒగే దోమలు కుట్టినాయి గదయ్యా ఇద్దర్నీ. పాపకు తగ్గె. వీనికి యాల తగ్గల్యా?"

"తెలీదమ్మా," అన్నాడాయన.

నేను కోలుకుంటున్న కొద్దీ అమ్మ నా మొహంకేసి చూడటం మానేసింది. జడ వేస్తూ వేస్తూ చేతులు ఆపేసేది. కాంపౌండరు కనబడినా, దోమలమందు కొట్టేవాళ్లు వచ్చినా అదే ప్రశ్న. ఇంక చాల్లెమ్మని నాయన బతిమాలేవాడు.

పెళ్లయి నేను పులివెందుల చేరాను. రెండో కాన్పుకు అమ్మే అక్కడికి వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మనూ అడిగింది. ఆమె విసుక్కోకుండా పక్కన కూర్చుంది.

"జ్వరం ఒకటే అయినా మనిషి మనిషికీ ఒళ్లు వేరమ్మా. కొందరి నెత్తురు పుట్టుకతోనే దాన్ని ఓర్చుకుంటుంది. కొందరి ఒళ్లు దాంతో మరీ తీవ్రంగా పోరాడుతుంది. ఆ పోరాటంలో వాళ్లకే దెబ్బ తగులుతుందని పెద్ద డాక్టర్లు అనుకుంటున్నారు. మీరు చేసిన తప్పేమీ లేదు."

"పుట్టుకతోనే అంటే మా కాడ్నుంచి వచ్చిందే గదమ్మా? కాదని చెప్పు."

డాక్టరమ్మ అమ్మ భుజం తట్టి లేచింది.

రోగం మీదికి లెమ్మని ఒంట్లోని కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటాయని, కొందరిలో అవి సమయానికి చల్లారవని చాలా ఏళ్ల తరవాత చదివాను. చదివినకొద్దీ అమ్మకు ఊరటగా చెప్పదగ్గ ముక్క ఒక్కటీ దొరకలేదు.

ఆ కాన్పులో నాకు మగపిల్లాడు పుట్టాడు. అమ్మ నాకు నీళ్లు పోసింది, వంట చేసింది, వాణ్ని మాత్రం ఎత్తుకోలేదు. "నా చేతికియ్యొద్దే," అంది. వాడికి మొదటిసారి ఒళ్లు వెచ్చబడిన రోజున సంచిలో చీరలు కుక్కుకుని జమ్మలమడుగు బస్సెక్కింది. బిడ్డతో గడపలో నిలబడి పిలిచాను. వెనక్కి తిరగలేదు.

పిల్లాడికి తగ్గాక మా ఆయన వెళ్లి ఆ మాట చెప్పొచ్చాడు.

"ఈ తూరికి తగ్గెలేప్పా," అని లోపలికి వెళ్లిపోయిందట.