ఆర్యన్ కోసం ఉపవాసం

మా కళింగపట్నం చర్చిలో శుక్రవారం స్త్రీల కూడిక జరుగుతుంది. ప్రార్థన మనవులు పుస్తకంలో రాసుకునేది నేనే, పాస్టరుగారి భార్యని కదా. కష్టంలో ఉన్నవాళ్లు వచ్చి ఒక పేరు చెబుతారు. ఎవరు, ఏమిటి అని మేం ఆరా తీయం. పేరు చాలు, మిగతాది దేవుడికి తెలుసు. మేలు జరిగితే ఆదివారం ఆరాధనలో అందరి ముందూ లేచి సాక్ష్యం చెబుతారు.

అప్పలమ్మ ఇరవై ఏళ్లుగా ఆ కూడికకు వస్తోంది. పగలంతా ఇసుకలో చేపలు ఎండబెట్టి, కాకుల్ని అదిలించి, సాయంత్రానికి చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని వస్తుంది. అయినా వాసన పోదు. అయినా ఆవిడ పక్కన చోటు కోసం అందరూ పోటీ పడతారు, ఎందుకంటే ఎవరి పేరు చెప్పినా తన సొంతవాళ్ల కోసమన్నట్టు ఏడ్చి ప్రార్థిస్తుంది. తన కోసం మాత్రం ఒక్కనాడూ ఏమీ అడగలేదు.

అలాంటి మనిషి మొన్న శుక్రవారం లేచి నిలబడింది.

"ఆర్యన్ అని ఒక బాబు. ఎత్తు నుంచి పడిపోనాడు. బతికున్నాడో నేదో తెలీదు."

ఇంకేదో చెప్పబోయింది గాని కన్నీళ్లు అడ్డొచ్చాయి. ఆ కాస్త సందులో గున్నమ్మ ఘొల్లుమంది. గున్నమ్మ గొంతు పడవల దాకా వినిపిస్తుంది. ఆవిడ ఏడిస్తే మిగతావాళ్లు ఆగుతారా?

"అప్పలమ్మ నోరిడిసి అడిగినాదంటే మాటలా? రేపు సాయంత్రం దాకా అందరం పస్తుందాం!" అంది గున్నమ్మ.

శనివారం ఇరవై ముగ్గురం పస్తున్నాం. నాకు ఆకలేస్తే కోపం వస్తుంది. ఆ రోజు మా ఆయన నాకు దూరంగా వరండాలో కూర్చుని ప్రసంగం రాసుకున్నారు.

ఆదివారం ఆరాధనకు ముందు అప్పలమ్మ నా దగ్గరికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"అమ్మగారూ, ఆర్యన్ లేచాడండి."

"స్తోత్రం! మరి ఆ ముఖమేమిటి?"

"ఆర్యన్ టీవీలో బాబండి."

నాకు ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు. మెల్లగా చెప్పుకొచ్చింది. 'నీలిరెక్క' అని డబ్బింగ్ సీరియల్. ఆర్యన్ మామూలుగా బ్యాంకులో గుమాస్తా. ఎవరికైనా ఆపద వస్తే రెక్కలు తొడుక్కుని ఎగురుతాడు. అప్పలమ్మ మూడేళ్లుగా రోజూ రాత్రి మనవరాలు దీవెనతో కూర్చుని చూస్తోంది. గురువారం ఎవరో రెక్కలు కాల్చేస్తే ఆర్యన్ ఆనకట్ట మీంచి పడిపోయాడు. దీవెన ఫోన్లో ఒకటే గొడవ. చచ్చాడని కొందరు, చావడని కొందరు, ఆ నటుడికి పెళ్లి కుదిరింది కాబట్టి చంపేశారని ఇంకొందరు.

"నాటకమని నాకు తెలీదేటండి? తెలుసు. అయినా అన్నం దిగనేదు. టీవీలో బాబని సెప్దామనే లేచాను. అంతలో గున్నమ్మ ఏడుపు మొదలెట్టీసినాది. ఇంక నోరు పెగల్నేదు."

"పోనీలే, లేచాడుగా?"

"లేచాడండి. లేచి ఆనకట్ట ఆడే పగలగొట్టీసినాడు. ముందు నుంచీ విలను ఆడేనంట! ఊళ్లు ముంచీసి నవ్వుతన్నాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ వెధవ కోసమా నేను రోజంతా కడుపు మాడ్చుకుంది! కోపం దిగమింగి, "లేచాడని మాత్రం చెప్పి కూర్చో," అన్నాను.

అప్పలమ్మ నన్ను చూసిన చూపుకు సిగ్గేసింది.

"సాచ్చంలో అబద్దమాడితే, రేపు నేను ఏ పేరు సెప్పినా ఎవరు నమ్ముతారండి?"

సాక్ష్యాల వేళ లేచి ఉన్నదంతా చెప్పేసింది. మగవాళ్ల వైపు కూర్చున్న ఇమ్మానుయేలు కిసుక్కున నవ్వాడు. గున్నమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి ఆ నవ్వును దగ్గుగా మార్చేశాడు. ఆ తర్వాత గున్నమ్మ లేచింది. అప్పలమ్మ పని అయిపోయిందనుకున్నాను.

"మా అన్న కొడుకు బెన్హర్ సెన్నైలో జొరంతో పడున్నప్పుడు పేరే సెప్పినాను. ఆణ్ణి నువ్వు ఏనాడైనా సూసినావేటి? నేదు. మూడ్రోజులు పస్తున్నావు. ఇప్పుడు నీకు దుక్కం వచ్చింది, మేం ఉన్నాం. అంతే."

అప్పలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. నిజం చెప్పొద్దూ, అంతవరకూ నా కోపం పోలేదు, అప్పుడు పోయింది.

గున్నమ్మ ఇంకా కూర్చోలేదు. నా చేతిలోని పుస్తకం వైపు వేలు చూపించింది.

"అమ్మగారూ, ఆడి పేరు కొట్టీయకండి. మారుమనసు కోసమని రాయండి. పార్థన సేత్తాం. పస్తు మాత్రం ఈసారి ఆణ్ణే ఉండమనండి."