వెలగని బాక్టీరియా

2006లో నన్ను విరుదునగర్‌లోని ఒక కళాశాలకు బయోటెక్నాలజీ రీడర్‌గా వేశారు. రీడర్ అంటే హోదాలో ప్రొఫెసర్‌కు ఒక మెట్టు కింద, చాకిరీలో రెండు మెట్లు పైన. ఆ ఏడాది మా విద్యార్థులు నలుగురు విశ్వవిద్యాలయ పోటీకి ఒక ప్రాజెక్టు తలపెట్టారు. మామూలు బాక్టీరియాలో జెల్లీఫిష్ జన్యువును చేర్చి, అతినీలలోహిత దీపం కింద పచ్చగా మెరిపించాలి. పోటీకి ఎంపిక చేసే పరిశీలక సంఘం ముందు అది వెలగకపోతే మా ప్రయోగశాల గదిని కంప్యూటర్ శాఖకు ఇచ్చేస్తానని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశారు.

జట్టుకు నాయకురాలు రాజేశ్వరి. కోవిల్‌పట్టిలో వాళ్లింట్లో వేరుశనగ మిఠాయి చేస్తారు. నాలాగే ఆమెకూ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం.

పద్ధతి చెబుతాను. బాక్టీరియాను మంచులో ఉంచి, కాసేపు వేడినీటిలో ముంచి, మళ్లీ మంచులో పెడతాం. ఆ అదురుకు జన్యువు లోపలికి చొరబడుతుంది. జన్యువు చేరిన కణాలే బతికేలా, మిగతావాటిని చంపే మందు ఒకటి ఆహారంలో కలుపుతాం. జన్యువుకు ఒక మీట ఉంటుంది. అరబినోస్ అనే చక్కెర అందితేనే ఆ మీట పడి వెలుగు వస్తుంది.

ఆహారం పోసిన గాజు పళ్లేల నిండా బాక్టీరియా పుష్టిగా పెరిగింది. దీపం వేస్తే మాత్రం మిణుకైనా లేదు. పిల్లల ముఖాలు వాడిపోయాయి. మందు తట్టుకుని పెరిగిందంటే జన్యువు చేరినట్టే. మరి వెలగదేం? పైగా మా ఆహారానికి అంత ఏపుగా పెరగడం నేనెన్నడూ చూడలేదు. ఇంకేమైనా కలిపారా అని అడిగాను.

"గ్లూకోస్ పౌడర్ వేసినా సార్," అంది రాజేశ్వరి. "పస్తుండేదానికి పని చెప్పొచ్చునా? మా ఇంట్లో మిట్టాయి పట్టేవాళ్లకి మొదట కడుపుకి పెట్టినాకనే వేలె."

వేలె అంటే తమిళంలో పని. నాకు నవ్వు ఆగలేదు. గ్లూకోస్ దొరికితే బాక్టీరియా అరబినోస్ వంక కన్నెత్తి చూడదు, మీట పడదు. ఈ పిల్ల విందు పెట్టి మరీ పని మాన్పించింది!

సంగతి తెలిసి ఆమె బిక్కచచ్చిపోయింది. పళ్లేలను ఆవిరిలో ఉడికించి పారేయబోతే, ఒకటి ఫ్రిజ్‌లో ఉంచమన్నాను. మిగిలిన అరబినోస్ ఒక్క పళ్లేనికే సరిపోయింది. గ్లూకోస్ లేకుండా ఆహారం చేసి, పెరిగిన బాక్టీరియానే దానిమీద గీశారు.

సంఘం వచ్చిన రోజు కిటికీలకు నల్లగుడ్డ కట్టి దీపం వేశాం. పళ్లెం పచ్చగా మెరిసింది. నలుగురూ కేక పెట్టారు, వాళ్లతోపాటు నేనూ.

అధ్యక్షురాలు మాత్రం నవ్వలేదు. అది మీట వల్లే వెలిగిందని రుజువేమిటని తమిళంలో అడిగారు. రాజేశ్వరి గబగబా ఫ్రిజ్‌లోని పళ్లెం తెచ్చి పక్కన పెట్టింది. అదే బాక్టీరియా, అదే మందు, అదే అరబినోస్. గ్లూకోస్ ఉన్నది నల్లగా, లేనిది పచ్చగా! గ్లూకోస్ ఎందుకు వేశావని అడిగితే, పాపం ఆకలేస్తుందని వేశానంది. ఆవిడ కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. జట్టు పోటీకి ఎంపికైంది, గది మాకే మిగిలింది. ఆ రోజంతా నాకు కాళ్లు నేలమీద నిలవలేదు.

ప్రయోగం ఎందుకు చెడిందో రుజువయ్యేదాకా చెడిన పళ్లేన్ని పారేయకూడదు. పదవీ విరమణ దాకా నా ప్రయోగశాలలో ఈ నియమం తప్పనివ్వలేదు.