సమాధి గులాబీల సబ్బు

మొయినాబాద్‌లో మా వంటింట్లోనే సబ్బులు చేస్తాను. కొనేవాళ్లలో ఎక్కువమంది అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌ల వాళ్లే. సబ్బు వాసన చూసే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు అడుగుతారు. కొబ్బరినూనె ఎవరు ఆడించారు, తేనె తీసినప్పుడు ఈగలు ఏమైనా ఇబ్బంది పడ్డాయా, ఇలాంటివి. నా పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

వాళ్లలో ఒక మేడమ్‌కు గులాబీ సబ్బు కావాలి. పువ్వులు మందు కొట్టనివి, చెట్టుగలవాళ్లు మనస్ఫూర్తిగా ఇచ్చినవి అయివుండాలి. సరేనని చేవెళ్ల చుట్టుపక్కల తోటలన్నీ తిరిగాను. మందు కొట్టని పువ్వులున్నాయా అని అడిగితే, ఒక రైతు నన్ను ఎగాదిగా చూశాడు.

"మందు గొట్టకుంటె పువ్వంత పురుగే తింటది అక్క. నీకేం మిగుల్తది?"

చివరికి మందు ఎరగని గులాబీలు ఆలూరులో, చర్చి వెనక సమాధుల దగ్గర దొరికాయి. ఒక సమాధి మీద నాటు గులాబీ గుబురుగా పెరిగి శిలువను కూడా కప్పేసింది. మనసుపడ్డాను. కానీ అనుమతి కావాలి కదా, కిందున్న పెద్దాయనను అడగలేను. ఆయన భార్య ఇంటికి వెళ్లాను. అవ్వ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అవ్వా, తాత మీది గులాబీలు కోసుకోవచ్చునా?"

"ఎందుకు బిడ్డా?"

"సబ్బు చేస్త."

అవ్వ చెయ్యి ఆగిపోయింది. తిట్లు పడతాయనుకున్నాను. అవ్వ భుజాలు ఊగేలా నవ్వింది.

"బతికినన్ని దినాలు సబ్బు ముట్టకపాయె. తానం జెయ్యమంటె ఊరంత ఉరికిచ్చెటోడు. కోస్కపో. ఇప్పుడన్న సబ్బు మొకం జూస్తడు."

రేకులను నీడలో ఆరబెట్టి, కొబ్బరినూనెలో నానబెట్టి సబ్బు పోశాను. గులాబీ రంగు వస్తుందని ఆశపడితే ముదురు మట్టి రంగు వచ్చింది. వాసన మాత్రం బాగుంది. ఆరాక మేడమ్‌కు తీసుకెళ్లాను. ఆమె కళ్లు మూసుకుని వాసన పీల్చింది.

"సూపర్! ఏ ఫామ్‌వి పువ్వులు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఫామ్ కాదు మేడమ్, సమాధి మీదివి. మందు గిట్ట ఏం కొట్టలే. ఆయన భార్య మనసారా ఒప్పుకున్నది."

మేడమ్ సబ్బును మెల్లగా బల్ల మీద పెట్టింది. "అంటే... వేర్లు ఎంత లోపలికి వెళ్తాయి?"

"నాకు తెల్వదు మేడమ్. అవ్వను అడిగి చెప్పాల్నా?"

ఆమె చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. ఎంతకూ తిరిగి రాలేదు. ఉక్రోషంతో, కొంచెం నవ్వుతో ఇంటికి వచ్చేశాను.

మిగిలిన సబ్బులను మా చర్చి ఆడవాళ్లు ఎగబడి తీసుకున్నారు. ఒకామె అయితే నన్ను పక్కకు పిలిచి, "మా ఆయన మీద మల్లె చెట్టున్నది, జర చూడరాదూ" అంది.

అవ్వకు మాత్రం ఒకటి ఊరికే ఇచ్చాను. తర్వాతి ఆదివారం ఆలూరు చర్చికి వెళ్తే ఆమె నా పక్కనే కూర్చుంది. ప్రార్థనలో అందరూ తలలు వంచిన సమయంలో నా చెవి దగ్గరికి వంగింది.

"నీ సబ్బు మంచిగనే ఉన్నది గని, నీళ్లు తగిల్తె చాలు కరిగిపోతున్నది బిడ్డా."

"జర పచ్చిగున్నట్టుంది అవ్వా."

"గదేం గాదు. ఆయన గూడ గంతె. నా కండ్లల్ల నీళ్లు జూస్తె చాలు, కరిగిపోయెటోడు."

నేను ఆమేన్ చెప్పడం మరిచిపోయాను.